చెక్ లైట్ రాదు, స్కానర్ ఇంజన్‌తో కలవదు: పికప్ ఇంజన్ కంప్యూటర్ (ఈసీఎం) పోయినట్టేనా?

టెక్కలి_డీజిల్

షెడ్డులో ఒక పికప్ మూడు రోజులుగా నిలబడి ఉంది. 2017 మోడల్ బీఎస్4, నాలుగు సిలిండర్ల 2.5 లీటర్ కామన్ రైల్ డీజిల్, 1,84,000 కిలోమీటర్లు తిరిగింది. భావనపాడులో చేపల ట్రేలకు ఐసు కొట్టి ఎక్కించుకుని పలాస, శ్రీకాకుళం వేసే బండి.

కంప్లయింటు మొదలై రెండు వారాలు. నడుస్తూ నడుస్తూ టప్పున ఆగిపోయేది, పది నిమిషాలాగి కొడితే అందుకునేది. వేరే చోట క్రాంక్ సెన్సార్ (ఇంజన్ తిరిగే వేగం చూసేది) మార్చారు, తేడా లేదు. ఇప్పుడు పూర్తిగా పడుకుంది. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఒక్క సిలిండరు కూడా పట్టదు. ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఆయిల్, బ్యాటరీ లైట్లు వెలుగుతున్నాయి గానీ ఇంజన్ చెక్ లైట్, హీటర్ లైట్ రెండూ రావు. స్కానర్ పెడితే మీటరు బోర్డుతో మాట్లాడుతోంది, అందులో యూ0100 (ఈసీఎంతో మాట కలవట్లేదనే కోడ్) ఒక్కటే ఉంది. ఇంజన్ మాడ్యూల్ దగ్గరికొచ్చేసరికి కమ్యూనికేషన్ లేదంటోంది.

చూసినవి: బ్యాటరీ 12.5 వోల్టులు, సెల్ఫ్ కొట్టినప్పుడు 10.4. ఫ్యూజులు మీటర్‌తో చూశాను, బాగున్నాయి. మెయిన్ రిలే కొత్తది వేశాను. ఈసీఎం ఎడమ సీటు కింద ఉంది, దాని కప్లర్‌లో బ్యాటరీ లైను పిన్ను దగ్గర 12.4 వస్తోంది.

ఓనరు తొందర పెడుతున్నాడు. పాత బండి నుంచి తీసిన ఈసీఎం ఒకటి ఉంది, తెచ్చి తగిలించేయమంటున్నాడు. ఈసీఎం డబ్బా పోయిందని ఖాయంగా తేల్చేది ఎలా? నిజంగా పోతే పాతది తగిలిస్తే నడుస్తుందా, కోడింగ్ తప్పదా?

బొబ్బిలి_ఆటోఎలక్ట్రికల్

మీరు రాసిన దాంట్లోనే సగం జవాబు ఉంది. స్కానర్ మీటరు బోర్డుతో మాట్లాడుతోందంటే, అది తగిలించే ఓబీడీ కప్లర్‌లో 16వ పిన్ను లైను (బ్యాటరీ పాజిటివ్), 4, 5 పిన్నుల ఎర్త్, 6, 14 పిన్నుల కేన్ వైర్లు (మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేవి) అంతవరకూ బాగున్నట్టే. చెక్ లైటుని, హీటర్ లైటుని వెలిగించేది ఈసీఎం. ఆ రెండూ రాలేదంటే డబ్బా అసలు నిద్ర లేవలేదు. క్రాంక్ సెన్సార్ పోతే ఇలా ఉండదు. చెక్ లైట్ వస్తుంది, స్కానర్ కలుస్తుంది, సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఆర్‌పీఎం మాత్రం సున్నా చూపిస్తుంది. దారిలో ఆగిపోయిన మొదటి రోజే తాళం తీసి మళ్లీ ఆన్ చేసి చెక్ లైట్ వస్తోందా అని చూసి ఉంటే ఆ సెన్సార్ ఖర్చు తప్పేది.

డబ్బా లేవకపోవడానికి లైను అందకపోవడం, ఎర్త్ అందకపోవడం, సెన్సార్ల 5 వోల్టుల లైను ఎక్కడో షార్టయి డబ్బాను కూడా కిందికి లాగేయడం, ఇవన్నీ కారణాలే. డబ్బా లోపల పోవడమన్నది ఈ మూడూ కావని తేలాకే అనుకోవాలి.

మెయిన్ రిలే మార్చానన్నారు. మార్చినంత మాత్రాన అది పడాలని లేదు. తాళం తిప్పగానే ఇగ్నిషన్ లైను ఒక సన్న వైరులో ఈసీఎంకి వెళ్తుంది. అది చూసి ఈసీఎం రిలే కాయిల్‌కి ఎర్త్ ఇస్తుంది. అప్పుడు రిలే పడి, దాని 87వ పిన్ను నుంచి అసలు కరెంటు ఫ్యూజు మీదుగా ఈసీఎంకే తిరిగొస్తుంది. రిలే మీద వేలు పెట్టి తాళం తిప్పించండి, టిక్కుమంటుందో లేదో తెలుస్తుంది. కొన్ని బండ్లలో రిలే నేరుగా ఇగ్నిషన్ మీదే పడుతుంది కాబట్టి వైరింగ్ బొమ్మ దగ్గర పెట్టుకోండి. పిన్ను నంబర్లు మోడల్‌కి మోడల్‌కి మారతాయి, ఊహించి గుచ్చొద్దు.

ఇక ఆ 12.4. దాన్ని నమ్మొద్దు. ఇరవై పోగుల వైరులో పంతొమ్మిది తెగి ఒక్కటి మిగిలినా మీటర్ 12.4 చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ కరెంటు లాగదు. ఈసీఎం లాగుతుంది. కాబట్టి లోడ్ పెట్టి చూడాలి. ఖరీదైన పరికరం అక్కర్లేదు. 12 వోల్టులు, 21 వాట్ల ఇండికేటర్ బల్బు, హోల్డరు, రెండు వైర్లు చాలు. అది ఇంచుమించు 1.75 ఆంపియర్లు లాగుతుంది.

తాళం తీసి ఐదు నిమిషాలు ఆగండి. ఇగ్నిషన్ ఆపాక కూడా ఈసీఎం కాసేపు రిలేని పట్టుకుని లోపల లెక్కలు రాసుకుంటుంది. తర్వాత బ్యాటరీ నెగటివ్ తీసి, కప్లర్ లాక్ లివరు ఎత్తి విప్పండి. నెగటివ్ మళ్లీ బిగించండి. బల్బు ఒక వైరు బ్యాటరీ పాజిటివ్‌కి పెట్టి, రెండోది కప్లర్‌లో ఒక్కో ఎర్త్ పిన్నుకి తాకించండి. ప్రతి దాని మీదా బల్బు ఒకేలా, బ్యాటరీ మీద నేరుగా పెట్టినంత వెలగాలి. ఒకదాని మీద ఎర్రగా మినుకుమంటే దొంగ దొరికినట్టే. తర్వాత బల్బు ఒక వైరు బ్యాటరీ నెగటివ్‌కి మార్చి, లైను పిన్నులన్నీ అలాగే చూడండి. కప్లర్ విప్పి ఉన్నప్పుడు రిలే పడదు కదా, అందుకని 87 లైను చూడాలంటే కప్లర్‌లో రిలే కాయిల్ పిన్నుకి మీరే ఒక వైరుతో ఎర్త్ ఇవ్వాలి.

గుచ్చేటప్పుడు జాగ్రత్త. మీటర్ ప్రోబు లావుగా ఉంటుంది, ఆడ పిన్నులోకి తోస్తే అది విచ్చుకుపోతుంది. రేపు కొత్త డబ్బా పెట్టినా అక్కడ లూజు మిగిలిపోతుంది, మీరు పెట్టిన జబ్బుని మీరే వెతుక్కోవాలి. పిన్ను సైజుకి సరిపోయే మగ పిన్నుకి వైరు అతికించి వాడండి.

కప్లర్ తగిలించి, వెనక నుంచి సన్న సూదితో ఇంకో కొలత. మీటర్ ఎర్ర ప్రోబు ఈసీఎం ఎర్త్ వైరు మీద, నల్లది బ్యాటరీ నెగటివ్ పోలు మీద, క్లాంపు మీద కాదు. ఇగ్నిషన్ ఆన్‌లో 0.1 వోల్టు దాటకూడదు, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 0.2 దాటకూడదు.

5 వోల్టుల లైను కోసం రైల్ ప్రెషర్ సెన్సార్ కప్లర్ విప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి చూడండి. మూడు వైర్లలో ఒక దాంట్లో 4.9 నుంచి 5.1 మధ్య ఉండాలి. లేకపోతే బూస్ట్ సెన్సార్, యాక్సిలరేటర్ పెడల్, ఈజీఆర్ (పొగను కొంత తిరిగి ఇంజన్లోకి పంపే వాల్వు), క్యామ్ సెన్సార్ కప్లర్లు ఒక్కొక్కటే విప్పుతూ మీటర్ వైపు చూస్తుండండి. ఏది విప్పినప్పుడు 5 తిరిగొచ్చిందో ఆ సెన్సారే షార్ట్. ఒక్క బూస్ట్ సెన్సార్ షార్టయి బండి మొత్తం పడుకోబెట్టడం కొత్తేం కాదు. అన్నీ విప్పినా రాకపోతే ఈసీఎం కప్లర్ కూడా తీసి, ఆ 5 వోల్టుల వైరుకీ బాడీకీ మధ్య కంటిన్యూటీ చూడండి. వైరు శుభ్రంగా ఉండి కూడా 5 రావట్లేదంటే అప్పుడు డబ్బా వైపు చూడొచ్చు.

కేన్ కొలత బ్యాటరీ తీసేసి చూడాలి. ఓబీడీలో 6, 14 మధ్య 60 ఓములు ఉండాలి. 120 ఉంటే ఒక చివర తెగినట్టు. సున్నా దగ్గరుంటే రెండు వైర్లూ కలిసిపోయినట్టు.

ఇవన్నీ కొలిచి అంకెలు ఇక్కడ పెట్టండి. "బాగుంది" అని రాయొద్దు, అంకె రాయండి.

రణస్థలం_బాబాయ్

చేపల బండంటే ముందు ఎర్త్ చూడాల గదా తమ్ముడూ. ఐసు కరిగిన నీళ్లు ఉప్పునీళ్లే. ట్రేల్లోంచి బాడీలోకి, బాడీ బొక్కల్లోంచి చాసిస్ మీదకి దినమంతా కారుతూనే ఉంటది. సీటు కింద డబ్బా ఉన్న బండికి ఎర్త్ వైరు ఫ్లోరు రబ్బరులోంచి కిందకి దిగి క్యాబిన్ వెనక చాసిస్‌కి బోల్టేసి ఉంటది. ఆ ఐలెట్ దగ్గర వైరు చివర తెరిచే ఉంటది. ఒత్తి నూనె పీల్చినట్టు రాగి పోగులు ఉప్పునీళ్లు పీల్చుకుని పైకెక్కిస్తాయి. పైన తొడుగు నల్లగా నిగనిగలాడతానే ఉంటది, లోపల రాగి నల్లబడి పొడి రాలతది. ఐలెట్ నుంచి జానెడు పైన తొడుగు కోసి చూడు, తెలుస్తది.

కప్లర్ పిన్నుల్లో పచ్చ చిలుము ఉందేమో కూడా చూడు. ఉంటే గీకుడు కాగితం పెట్టొద్దు, పిన్ను మీద పూత పోతది. కాంటాక్ట్ క్లీనరు, మెత్తటి బ్రష్షు, అంతే.

ఇంకో మాట. బండి సెకండ్ హ్యాండా? తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గరే గదా తీరం దాటింది. ఆ వరదలో మునిగిన బండ్లు కడిగి అమ్మేసినవి మనవైపు తిరుగుతానే ఉన్నాయి. సీటు పట్టాల కింద, ఫ్లోరు మ్యాటు కింద బురద గీత ఉందేమో చూడు.

టెక్కలి_డీజిల్

బురద గీత లేదు, మొదటి ఓనరు బండే. కొలతలు ఇవి.

ఎర్త్ పిన్నులు మూడు. ఒకదాని మీద బల్బు పూర్తిగా వెలిగింది, రెండింటి మీద ఎర్రగా మినుకుమంది. కప్లర్ తగిలించి చూస్తే ఇగ్నిషన్ ఆన్‌లో 0.4, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 1.9 వోల్టులు. బాబాయ్ చెప్పిన చోటే క్యాబిన్ వెనక చాసిస్ మీద ఐలెట్ తుప్పు పట్టి రేకులా ఊడొచ్చింది. వైరు జానెడు కాదు, దాదాపు మూర పొడవునా నల్లబడి ఉంది. అంతవరకూ కోసేసి అదే మందం కొత్త వైరు వేశాను. ఇప్పుడు ఇగ్నిషన్‌లో 0.02, సెల్ఫ్‌లో 0.04. బల్బు మూడింటి మీదా ఒకేలా ఉంది.

లైను పిన్నులు: బ్యాటరీ లైను, ఇగ్నిషన్ లైను బల్బు పూర్తి. కాయిల్‌కి చేత్తో ఎర్త్ ఇస్తే రిలే పడుతోంది, 87 లైను మీద కూడా బల్బు పూర్తి.

అయినా డబ్బా లేవలేదు. కప్లర్ తగిలించి తాళం తిప్పితే రిలే టిక్కుమనదు. కాయిల్‌కి బయట నుంచి ఎర్త్ ఇచ్చి కరెంటు పంపినా చెక్ లైట్ లేదు, స్కానర్ లేదు. 5 వోల్టుల లైన్లు రెండు ఉన్నాయి. రెండింటిలోనూ 0.7. సెన్సార్లు అన్నీ విప్పినా అదే 0.7. వైర్లకీ బాడీకీ మధ్య కంటిన్యూటీ లేదు, రెండు లైన్లూ ఒకదానికొకటి కూడా తగల్లేదు. కేన్ 60 ఓములు, ఈసీఎం విప్పితే 120.

ఈసీఎం వైపు పిన్నుల్లో నాలుగింటి మొదట్లో పచ్చ చిలుము ఉంది. క్లీనరుతో కడిగాను, మళ్లీ పెట్టి చూశాను. మార్పు లేదు.

బొబ్బిలి_ఆటోఎలక్ట్రికల్

ఇప్పుడు చెప్పొచ్చు, డబ్బా పోయింది. లైన్లు లోడ్ మీద నిలబడ్డాయి, ఎర్త్ 0.04, సెన్సార్లన్నీ విప్పినా రెండు 5 వోల్టుల లైన్లూ లేవలేదు, వైరింగ్‌లో షార్ట్ లేదు. 5 వోల్టులు తయారుచేసే భాగం లోపలే చచ్చింది. కేన్ 60 చూసి డబ్బాలో ప్రాణం ఉందనుకోవద్దు. లోపలున్న 120 ఓముల రెసిస్టర్ చచ్చిన డబ్బాలో కూడా 120 ఓములే.

ఎందుకు పోయిందంటే, పిన్నుల్లోకి ఎక్కిన నీళ్లు ఒక కారణం కావొచ్చు. రెండోది ఆ 1.9 వోల్టులు. అసలు ఎర్త్ దారి మూసుకుపోతే ఇంజెక్టర్లకు వెళ్లిన కరెంటు మిగిలిన ఒక్క ఎర్త్ పిన్ను మీద, సన్నటి సెన్సార్ ఎర్త్‌ల మీద పడి తిరిగి రావాలని చూస్తుంది. బోర్డు మీద దారాల్లాంటి ట్రాకులు అంత మోయలేవు. మొదట్లో పది నిమిషాలాగితే స్టార్ట్ అవ్వడం కూడా ఈ ఎర్త్ వేడెక్కి, చల్లారి చేసిన పనే అయ్యుండొచ్చు.

కొత్తది తగిలించే ముందు ఇంకో మూడు చూడాలి. చూడకపోతే రెండో డబ్బా కూడా అదే దారిన పోతుంది.

ఇంజెక్టర్లు: కప్లర్ విప్పి కాయిల్ కొలవండి. సోలినాయిడ్ ఇంజెక్టర్ అయితే అర ఓము లోపు ఉంటుంది. మామూలు మీటర్‌లో ముందు రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకెను తీసేసి లెక్కించాలి, లేకపోతే ప్రోబు వైరు రెసిస్టెన్సే ఇంజెక్టర్‌కి అంటగడతారు. నాలుగూ ఒకేలా ఉండాలి. ముఖ్యంగా ఏ పిన్నుకీ ఇంజెక్టర్ బాడీకీ మధ్య కంటిన్యూటీ ఉండకూడదు. ఒక్కటి బాడీకి తగిలినా ఈసీఎంలో ఇంజెక్టర్‌ని నడిపే భాగం (డ్రైవర్) పోవచ్చు. ఇంజన్ తిరుగుతున్నప్పుడు ఇంజెక్టర్ వైర్ల జోలికి వెళ్లొద్దు, తెరిచే క్షణంలో అక్కడ 60 వోల్టులకు పైనే ఉంటుంది. షాకు తగులుతుంది, డబ్బా కూడా పోతుంది.

ఆల్టర్నేటర్: ఈ బండి స్టార్ట్ అయ్యేదాకా నడిపి చూడలేరు కాబట్టి విప్పి బెంచ్ మీద చూపించండి, లేదా స్టార్ట్ అయిన మొదటి నిమిషంలోనే చూడండి. ఛార్జింగ్ 13.8 నుంచి 14.5. మీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ పోళ్ల మీద కొలిస్తే 0.1 లోపు రావాలి. 0.5 దాటితే డయోడ్ పోయింది.

మూడోది ఓనర్ని అడగాల్సినది. ఈ మధ్య బాడీకి ర్యాకు గానీ, ట్రే పట్టా గానీ వెల్డింగ్ చేయించారా? బ్యాటరీ టెర్మినళ్లు తీయకుండా చేశారా? లారీ 24 వోల్టుల బ్యాటరీ నుంచి జంప్ ఇచ్చారా? అలాంటిదేదైనా ఉంటే ఇంకా ఏం కాలిందో వెతకాలి.

విజయనగరం_స్కానర్

మార్చే సంగతి నేను చెప్తాను.

పాతది తెచ్చి తగిలించేయడం కుదరదు. ఈసీఎంలో ఆ బండి చాసిస్ నంబరు, తాళం ఇమ్మొబిలైజర్ లెక్క (బండి తన తాళాన్నే గుర్తుపట్టే దొంగతనం రక్షణ), ఇంజెక్టర్ కోడ్లు, వేరియంట్ కోడింగ్ ఉంటాయి. ఇంకో బండి డబ్బా పెడితే తాళం గుర్తుపట్టదు. సెల్ఫ్ తిరిగినా డీజిల్ కొట్టదు, లేదా అందుకుని ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంది. అప్పుడు మళ్లీ పంపు మీద, ఇంజెక్టర్ల మీద అనుమానం మొదలవుతుంది.

మీకు కుదిరే మంచి దారి క్లోనింగ్. మీ చచ్చిన డబ్బాలోంచి మొత్తం డేటా చదివి, అదే హార్డ్‌వేర్ నంబరున్న ఇంకో డబ్బాలోకి రాస్తారు. 5 వోల్టుల భాగం పోయినా ప్రాసెసర్, మెమరీ బతికే ఉండే అవకాశం ఎక్కువ. బెంచ్ మీద బయట నుంచి కరెంటు ఇచ్చి బూట్ మోడ్‌లో చదువుతారు. చదవగలిగితే తాళం, చాసిస్ నంబరు, ఇంజెక్టర్ కోడ్లు అన్నీ యథాతథంగా వచ్చేస్తాయి, బండి దగ్గర కోడింగ్ పని దాదాపు ఉండదు. ఈ పని చేసేవాళ్లు విశాఖ ఆటోనగర్ వైపు దొరుకుతారు. ఒక్క షరతు పెట్టండి: మీ పాత డబ్బా డేటా ఫైలు మీ చేతికివ్వాలి, రాసే ముందు ఆ రెండో డబ్బా ఒరిజినల్ ఫైలు కూడా చదివి దాచాలి.

నంబరు చూసుకోవడం ముఖ్యం. డబ్బా బాష్‌దైతే స్టిక్కర్ మీద 0281తో మొదలయ్యే పది అంకెలు ఉంటాయి. ఆ పదీ కలవాలి. సాఫ్ట్‌వేర్ నంబరు వేరుగా ఉంటుంది, అది క్లోనింగ్‌లో సర్దుకుంటుంది. కప్లర్ కూర్చుంది కదా అని బీఎస్3 డబ్బా బీఎస్4 బండికి పెట్టొద్దు. పిన్నుల వరస వేరుగా ఉండొచ్చు, కాల్చేస్తారు.

చదవడం కుదరకపోతే కొత్తది షోరూమ్ ద్వారా. చాసిస్ నంబరు ఇచ్చి ఆర్డర్ పెట్టాలి, ఆర్‌సీ, బండి తాళాలు అన్నీ పట్టుకెళ్లాలి. రెండో తాళం ఇంట్లో వదిలేస్తే అది తర్వాత పనిచేయదు, మళ్లీ తిరగాలి. ఈ దారిలో ఇంజెక్టర్ కోడ్లు మీరే ఎక్కించాలి. ఇంజెక్టర్ తల మీద అక్షరాలు, అంకెలు కలిపి చెక్కి ఉంటుంది. డీజిల్‌తో తుడిచి, 1 నుంచి 4 వరకూ సిలిండర్ వరసలో ఫోటో తీసి పెట్టుకోండి. సున్నాకీ "ఓ" అక్షరానికీ, 8కీ "బీ"కీ తేడా ఫోటోలో పెద్దది చేసి చూడండి. కోడ్ తప్పు పడితే బండి స్టార్ట్ అవుతుంది గానీ ఐడిల్‌లో వణుకుతుంది, టకటక కొడుతుంది, పొగ వస్తుంది.

డబ్బా రిపేర్ మూడో దారి. నీళ్లు వెళ్లని డబ్బా అయితే ఒప్పుకుంటాను. మీ దాంట్లో పచ్చ చిలుము కనిపించింది కాబట్టి వద్దంటాను. బోర్డు పొరల మధ్య ఎక్కిన తుప్పు కనపడదు, ఆరు నెలలకు ఇంకో చోట బయటపడుతుంది. పైగా మూత జిగురుతో సీలు చేసి ఉంటుంది, ఒకసారి ఊడదీశాక మళ్లీ నీళ్లు పట్టకుండా మూయడం అందరి చేతా కాదు.

రణస్థలం_బాబాయ్

పాత బీఎస్3 పికప్‌లకి డబ్బాలు మార్చి మార్చి పెట్టేవోళ్లు, నడిచేవి గదా. అన్నిటికీ తాళం లెక్క ఉండదు.

విజయనగరం_స్కానర్

ఇమ్మొబిలైజర్ లేని వాటికి నడిచేవి, నిజమే బాబాయ్. వాటికి కూడా ఇంజెక్టర్ కోడ్లు వేరే బండివే ఉండిపోయేవి, మైలేజీ పడిపోయిందని పంపు విప్పేవారు. ఈ బండిలో మీటరు బోర్డు మీద తాళం గుర్తు లైటు ఉందో లేదో చూస్తే తేలిపోతుంది. ఉంటే మాటే లేదు.

సెకండ్ హ్యాండ్ డబ్బా కొంటే బిల్లు అడగండి, ఏ బండిదో రాయించుకోండి. ఆ డబ్బా వరద బండిది కాదని కూడా మీరే చూసుకోవాలి. పిన్నుల మొదట్లో చిలుము, స్టిక్కర్ అంచున నీటి మరక, మూత మీద కొత్త సిలికాన్ గీత, వీటిలో ఏది కనిపించినా వదిలేయండి.

టెక్కలి_డీజిల్

తాళం గుర్తు లైటు ఉంది. ఓనర్ని అడిగాను, వెల్డింగ్ లేదు, జంప్ లేదు. ఇంజెక్టర్లు నాలుగూ 0.3 దగ్గర ఉన్నాయి, బాడీకి తగల్లేదు. పాత డబ్బా డేటా చదవగలిగారు. పది అంకెలూ కలిసిన ఇంకో డబ్బాలోకి రాసి ఇస్తున్నారు. బిగించేటప్పుడు, మొదటి స్టార్ట్ అప్పుడు ఏ వరసలో చూసుకోవాలి?

విజయనగరం_స్కానర్

బ్యాటరీ నెగటివ్ తీసి ఉంచండి. డబ్బా పట్టుకునే ముందు చాసిస్ ఇనుము ఒకసారి ముట్టుకోండి, ఒంట్లో స్టాటిక్ దిగిపోతుంది. పిన్నులు వేలితో తాకొద్దు. బోల్టులు చేత్తో పట్టించి, స్పానర్‌తో గట్టిపడే దాకా చాలు. బిగదీసి తిప్పితే బ్రాకెట్ చెవి విరుగుతుంది. కప్లర్ నిటారుగా కూర్చోబెట్టి, లివరు దానంతట అది జారేలా ఉండాలి. బలవంతం చేయాల్సి వస్తే ఒక పిన్ను వంగినట్టే, తీసి చూడండి. చివరగా నెగటివ్.

ఇగ్నిషన్ ఆన్. రిలే టిక్, చెక్ లైట్, హీటర్ లైట్ రావాలి. తాళం లైటు వచ్చి ఆరిపోవాలి, మినుకుమంటూ ఉండిపోతే తాళం లెక్క కలవలేదన్నమాట, సెల్ఫ్ కొట్టకుండా క్లోనింగ్ చేసినవాళ్లకి ఫోన్ చేయండి. స్కానర్‌లో చాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోవాలి. తర్వాత లైవ్ డేటా. చల్లటి ఇంజన్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రత రెండూ బయటి ఎండకి దగ్గరగా, ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి. రైల్ సెన్సార్ 0.5 వోల్టు దగ్గర, పెడల్ వదిలితే 0, పూర్తిగా తొక్కితే 100 దగ్గర.

మూడు రోజులు నిలబడిన బండి కాబట్టి చేతి పంపుతో డీజిల్ ఎక్కించండి. సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం 200 దాటుతోందా, రైల్ ప్రెషర్ 200 బార్ దాటుతోందా చూడండి. ఈ రెండూ ఉంటే అందుకుంటుంది. ప్రెషర్ ఎక్కట్లేదంటే వెంటనే డబ్బాను అనుమానించొద్దు, ముందు ఫిల్టర్ దగ్గర గాలి పట్టిందేమో చూడండి. స్టార్ట్ అయ్యాక ఛార్జింగ్, ఏసీ రిపుల్ కొలవండి. ఈజీఆర్ లెర్నింగ్ స్కానర్‌లో ఉంటే చేయించండి. పాత కోడ్లు చెరిపి, 80 డిగ్రీలు వచ్చేదాకా నడిపి, హైవే మీద లోడ్‌తో ఒకసారి తిప్పి, మళ్లీ స్కాన్ చేయండి.

సాఫ్ట్‌వేర్ ఏదైనా రాయాల్సొస్తే ఛార్జర్ పెట్టి 12.5 కంటే తగ్గకుండా చూసుకోండి, హెడ్‌లైట్లు, ఫ్యాన్ ఆపేయండి. పక్క బండి నడిపిస్తూ జంపర్ వైర్లు పెట్టడం వద్దు, వోల్టేజీ ఎగుడుదిగుళ్లకి రాత మధ్యలో తెగితే డబ్బా బొమ్మలా మిగులుతుంది.

టెక్కలి_డీజిల్

స్టార్ట్ అయింది. సెల్ఫ్‌లో 230 ఆర్‌పీఎం, రైల్ 240 బార్. ఐడిల్‌లో 290 దగ్గర నిలబడింది. ఛార్జింగ్ 14.2, ఏసీ 0.04. టెక్కలి నుంచి నరసన్నపేట దాకా హైవే మీద లోడ్‌తో తిప్పి వచ్చి స్కాన్ చేశాను, కోడ్ లేదు.

ఒక్కటే మిగిలింది. ఆ ఎర్త్ మళ్లీ చాసిస్ కిందే బిగించాలా? మళ్లీ ఐసు నీళ్లు అక్కడే కారతాయి.

బొబ్బిలి_ఆటోఎలక్ట్రికల్

కింద వద్దు. క్యాబిన్ లోపలికి మార్చండి, సీటు బ్రాకెట్ దగ్గర పెయింటు గీకి మెరిసే ఇనుము కనపడేలా చేసి అక్కడ బోల్టు వేయండి. మూడు ఎర్త్ వైర్లూ ఒకే బోల్టుకి తేవొచ్చు, కానీ ఆడియో, ఫ్యాన్ ఎర్త్‌లు దానికి కలపొద్దు. క్యాబిన్‌కీ చాసిస్‌కీ, ఇంజన్‌కీ చాసిస్‌కీ ఉన్న ఎర్త్ పట్టీలు కూడా అదే ఉప్పునీళ్లలో ఉన్నవే, వాటినీ విప్పి చూసి, తర్వాతే సీటు దగ్గర బిగించండి. బిగించాక ఆ 0.1 కొలత మళ్లీ బ్యాటరీ నెగటివ్ పోలు నుంచే తీయండి.

వైరు కింద నుంచి పైకొచ్చే చోట ఫ్లోరు రబ్బరుకి ముందు ఒక వంపు కిందికి వేలాడేలా వదలండి, నీటి చుక్క వంపు దగ్గరే రాలిపోతుంది, రబ్బరు దాకా ఎక్కదు. ఐలెట్ క్రింప్ చేసి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ తొడిగి, బోల్టు బిగించాక పైన గ్రీజు. బిగించక ముందు కాదు.

ఐలెట్ బోల్టు సైజుదే కొనండి. ఎం8 బోల్టుకి ఎం6 ఐలెట్ తెచ్చి డ్రిల్లుతో పెంచితే చుట్టూ రాగి పల్చబడి అక్కడే వేడెక్కుతుంది.